హెచ్ఆర్‌తో చెప్పుకుంటే తెల్లారేసరికి మేనేజర్‌కి తెలిసిపోయింది. అసలీ డిపార్ట్‌మెంట్ ఎవరి కోసం?

నల్లగండ్ల_నాని | 2026 జనవరి 10, రాత్రి 11:40

రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్ళుగా చేస్తున్నా. పేరు అడగొద్దు. నాన్నకి శుక్లాలు, ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. అమ్మ ఒక్కతే తీసుకెళ్ళలేదు. రెండు రోజులు సెలవు పెడితే మేనేజర్ "రిలీజ్ వీక్" అని రిజెక్ట్ కొట్టాడు. మళ్ళీ పెట్టా, మళ్ళీ రిజెక్ట్. మూడు నెలల్లో ఎనిమిది శని, ఆదివారాలు కూర్చున్నా. కాంపాఫ్ (సెలవురోజు పనికి బదులిచ్చే సెలవు) ఒక్కటి రాలేదు.

గురువారం హెచ్ఆర్‌ని (ఉద్యోగుల వ్యవహారాలు చూసే హ్యూమన్ రిసోర్సెస్ ఆవిడని) కలిశా. చాలా బాగా మాట్లాడింది. కాఫీ తెప్పించింది. నోట్‌బుక్ తెరిచింది గానీ ఒక్క ముక్క రాసుకోలేదు, అది నేను అప్పుడే గమనించాల్సింది. "ఇది మన ఇద్దరి మధ్యే ఉంటుంది" అంది. శుక్రవారం పొద్దున స్టాండప్‌లో (టీమ్ రోజువారీ మీటింగ్) తొమ్మిదిమంది ముందు మా మేనేజర్ నవ్వుతూ అన్న మాట: "కొంతమందికి నాతో మాట్లాడ్డం కంటే నాలుగో ఫ్లోర్‌కి లిఫ్ట్ ఎక్కడం ఈజీగా ఉన్నట్టుంది." హెచ్ఆర్ కూర్చునేది నాలుగో ఫ్లోర్‌లోనే.

సెలవు ఇంకా అలాగే ఉంది. ఆపరేషన్ 20న. ఈ హెచ్ఆర్ అనేది ఉండి ఎవరికి లాభం? లేకపోతే ఆఫీసు ఆగిపోతుందా?

బెంచిమీద_బాబు | జనవరి 10, రాత్రి 11:52

ఆగిపోతుంది బ్రో. శుక్రవారం ముగ్గుల పోటీ ఎవరు పెడతారు మరి?

మా ఆఫీసులో బతుకమ్మకి సెలవు లేదు. బతుకమ్మ ఆడుతున్న ఫొటోకి మాత్రం టార్గెట్ ఉంది, ఫ్లోర్‌కి ఇరవై మంది చీరల్లో రావాలి.

మణికొండ_మేనేజరు | జనవరి 11, ఉదయం 7:15

మేనేజర్ల తరఫున ఒక మాట. నాని మేనేజర్‌ది తప్పే, వాదించను. కానీ హెచ్ఆర్ వల్ల నలిగేది మేమూ. నా టీమ్‌లో ఒకడు మానేశాడు. ఆ ఖాళీ నింపడానికి నాలుగు నెలలు పట్టింది. బడ్జెట్ అప్రూవల్ ఒక నెల, జాబ్ డిస్క్రిప్షన్‌లో "టీమ్ ప్లేయర్" అనే మాట ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రెండు వారాలు. తీరా నేను ఎంచుకున్నవాడికి ఆఫర్ లెటర్ వెళ్ళేసరికి వాడు ఇంకోచోట చేరిపోయాడు. ఆ నాలుగు నెలలూ మిగిలిన ఆరుగురూ శనివారాలు కూర్చున్నారు. వాళ్ళ దృష్టిలో రాక్షసుణ్ణి నేను.

బెల్ కర్వ్ (రేటింగుల్లో కొందరు తప్పనిసరిగా కింద ఉండాలనే లెక్క) సంగతి అసలు ఎత్తొద్దు. ఏడుగురున్న టీమ్‌లో ఏడుగురూ బాగా చేస్తే, ఎవరో ఒకర్ని కిందకి తోయాలి కాబట్టి పోయినేడాది ప్రసూతి సెలవులో ఉన్నమ్మాయి పేరు సూచించారు. నేను ఒప్పుకోలేదు. రెండు వారాలు మెయిళ్ళ యుద్ధం.

బెంచిమీద_బాబు | జనవరి 11, ఉదయం 7:40

> వాళ్ళ దృష్టిలో రాక్షసుణ్ణి నేను

అన్నా, అక్కడ నువ్వు నిజంగానే కాంపాఫ్ ఇచ్చావా?

మణికొండ_మేనేజరు | జనవరి 11, ఉదయం 7:58

సగం ఇచ్చా.

డల్లాస్_గుంటూరోడు | జనవరి 11, ఉదయం 8:30

ఇక్కడ ఇంకో రకం. అమెరికాలో చాలాచోట్ల ఉద్యోగం ఎప్పుడైనా పోవచ్చు, నోటీసు పీరియడ్ అనే మాటే లేదు. వందమంది, ఆపై పనిచేసే కంపెనీ పెద్ద ఎత్తున తీసేస్తే 60 రోజుల ముందు చెప్పాలని ఒక ఫెడరల్ చట్టం ఉంది, ఒకడిద్దర్ని తీస్తే అది వర్తించదు. పొద్దున తొమ్మిదింటికి హెచ్ఆర్ నుంచి "క్విక్ చాట్" అని మీటింగ్ వస్తే చాలు, ఇంట్లో అందరి మొహాలూ మాడిపోతాయి. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోయాక ఉండేది మామూలుగా 60 రోజులే. పిల్లల స్కూలు, ఇంటి లీజు, కారు, అన్నీ ఆ అరవైలోనే.

అక్కడ మీరు మూడు నెలల నోటీసు పీరియడ్ అని తిట్టుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. తిట్టుకోండి, కాదనను.

కోర్టుహాలు_మూడు | జనవరి 11, మధ్యాహ్నం 1:05

లేబర్ కేసులు చూస్తుంటాను. "మన మధ్యే ఉంటుంది" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

హెచ్ఆర్‌కి చెప్పిన మాట రహస్యంగా ఉంచాలని చట్టం గట్టిగా కట్టడి చేసిన ఫిర్యాదు ప్రధానంగా ఒకటి, పనిచేసే చోట లైంగిక వేధింపులది. 2013 చట్టం. పదిమంది, ఆపై పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పెద్ద హోదాలో ఉన్న మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా మహిళలు, కంపెనీకి సంబంధం లేని బయటి మనిషి ఒకరు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. వివరాలు బయట పెట్టినవాళ్ళ దగ్గర 5,000 రూపాయలు వసూలు చెయ్యాలని నియమం కూడా ఉంది. చాలామంది ఆ కమిటీనీ హెచ్ఆర్‌నీ ఒకటే అనుకుంటారు. ఒకటి కాదు.

నాని గారి సెలవు గొడవకి అలాంటి రక్షణ లేదు. అది ఆవిడ చేసిన వాగ్దానం, అంతే.

టైమాఫీసు_తాత | జనవరి 11, సాయంత్రం 4:20

బాబూ, నా వయసు 71. మనవడు ఈ వేదిక చూపించాడు. టైపు చెయ్యడం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి.

నేను 1978లో ఉత్తరాంధ్రలో ఒక జూట్‌మిల్లు టైమాఫీసులో చేరాను. అప్పుడు హెచ్ఆర్ అనే మాట లేదు. లేబర్ ఆఫీసరు, వెల్ఫేర్ ఆఫీసరు, మేము. గేటు దగ్గర బోర్డుకి ఇత్తడి బిళ్ళలు వేలాడేవి, ఒక్కో మనిషికి ఒక నంబరు. చీకటుండగానే మిల్లు కూత వేసేది. మనిషి వచ్చి తన బిళ్ళ తీసి పెట్టెలో వెయ్యాలి. రెండో కూత అయ్యాక బోర్డు మీద మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి, అంతమంది బదిలీ పనివాళ్ళని (రానివాళ్ళ బదులు పనికెక్కేవాళ్ళని) లోపలికి పంపేవాళ్ళం. బయట బదిలీ వాళ్ళు ఆ బోర్డు వైపే చూస్తూ నిలబడేవారు. ఎవరిదైనా బిళ్ళ మిగిలితేనే వీళ్ళకి ఆ రోజు కూలి. ఇంకొకడు జబ్బు పడాలని కోరుకునే పరిస్థితి అది. అవేవో బంగారు రోజులని నేను చెప్పను.

మా ప్రాంతంలో అప్పలస్వామి, అప్పారావు, అప్పన్న పేర్లు ఇంటికొకటి. ఒక్క స్పిన్నింగ్‌లోనే పదకొండుమంది అప్పలస్వాములు. ఒకాయన లోపలే గుండెపోటుతో పోయాడు. మస్టర్‌లో (హాజరు పుస్తకం) అప్పలస్వామి, ప్రావిడెంట్ ఫండు కార్డులో అప్పారావు. ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు రెండు చోట్లా రెండు రకాలు. ఆ ఇల్లాలు ఏడాది తిరిగింది. మా లేబర్ ఆఫీసరు ఒక ఆదివారం మస్టర్ పుస్తకం సైకిలుకి కట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాడు. ఊళ్ళో నలుగురు పెద్దల చేత, ఆ లైనులో పనిచేసిన సర్దారు చేత సంతకాలు పెట్టించి తెచ్చాడు. డబ్బు వచ్చింది.

అదే మనిషి, అదే కలంతో సస్పెన్షన్ ఆర్డర్లు కూడా రాసేవాడు. సమ్మె రోజుల్లో గేటు లోపల నిలబడి ఎవరెవరు నినాదాలు ఇస్తున్నారో నాచేత రాయించింది ఆయనే. రెండూ ఆయనే. మంచివాడే, కాకపోతే ఆదివారం ఆయన్ని సైకిలెక్కించింది ఒట్టి మంచితనం కాదు. సోమవారం యూనియన్ వాళ్ళు ఆ కేసు కోసం ధర్నాకి కూర్చుంటామని నోటీసు ఇచ్చి ఉన్నారు.

మణికొండ_మేనేజరు | జనవరి 11, సాయంత్రం 4:55

ఆఖరి వాక్యం దగ్గర దిమ్మ తిరిగింది, తాత గారూ.

షిఫ్టు_సి_పాశమైలారం | జనవరి 11, రాత్రి 10:10

మీరంత ఏసీల కూసోని హెచ్ఆర్ మంచిదా చెడ్డదా అంటున్నరు. మాకు హెచ్ఆర్ ఉంటదని కూడ తెల్వదు అన్న. నేను ఫార్మా కంపెనీల కాంట్రాక్టు. ఆరేండ్లయింది. కంపెనీ అదే, మిషన్ అదే, కాంట్రాక్టర్ పేరు మాత్రం మూడుసార్లు మారింది.

క్యాంటీన్ల పర్మనెంటోళ్ళకు నీలం కూపన్, మాకు పసుపు. నీలానికి పెరుగు ఉంటది, పసుపుకు మజ్జిగ. మా హెచ్ఆర్ అంటే గేటు కాడ నిలబడే కాంట్రాక్టర్ సూపర్‌వైజరు. పోయినేడు దసరా ముంగట రెండు నెల్ల జీతం ఆగింది. పది మందిమి కలిసి కంపెనీ హెచ్ఆర్ సారు దగ్గరికి పోయినం. ఆయన మమ్మల్ని కూసోమనలే, కంప్యూటర్ల చూసి "మీరు మా రోల్స్‌ల లేరు" అన్నడు, అంటే కంపెనీ లిస్టుల లేమంట. ఆరేండ్ల సంది ఆ గేట్ల బొటనేలు పెడుతున్న, నేను రోల్స్‌ల లేనంట.

కోర్టుహాలు_మూడు | జనవరి 11, రాత్రి 10:48

తమ్ముడూ, రోల్స్‌లో లేకపోయినా జీతం బాధ్యత వాళ్ళకి ఉంది. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు యజమాని ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఇది ఉండేది, దాని బదులు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. హాజరు ఏదైనా, గేటు పాస్ అయినా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. లేబర్ ఆఫీసులో మొదట అడిగేది అదే.

షిఫ్టు_సి_పాశమైలారం | జనవరి 11, రాత్రి 11:30

పోయినం సార్ లేబర్ ఆఫీసుకు. నోటీసు పోయిన నాలుగో దినం పైసలు పడ్డయి. మాతోని వచ్చిన ఒక పోరనికి మల్ల నెల నుంచి డ్యూటీ ఇయ్యలే. గా పోరని ముచ్చట ఎవ్వల దగ్గర చెప్పాలె?

బెంచిమీద_బాబు | జనవరి 12, ఉదయం 9:20

దీని మీద జోక్ వెయ్యను.

కానీ హెచ్ఆర్ వాళ్ళంతా ఒకటే జాతి. మనుషుల్ని రిసోర్స్ అని పిలిచినప్పుడే అర్థమవ్వాలి. ఇసక, సిమెంటు, కంకర, మనం. ఈ వేదికలో హెచ్ఆర్ ఎవరైనా ఉంటే సిగ్గుపడండి. మొహాన నవ్వు పులుముకుని గొంతు కోసే

మోడరేటర్_గోదారిగట్టు | జనవరి 12, ఉదయం 9:41

పై పోస్టులో చివరి రెండు వాక్యాలు తీసేశాను. ఉద్యోగాన్ని తిట్టండి, మనిషిని తిట్టకండి. కంపెనీల పేర్లు రాయొద్దని మళ్ళీ గుర్తు చేస్తున్నా, ఇప్పటికే రెండు తొలగించాను.

పగలంతా_ఎక్సెల్ | జనవరి 12, రాత్రి 9:15

సరే, నేను ఉన్నాను. పదకొండేళ్ళుగా హెచ్ఆర్.

ముందు నాని గారికి. మీ హెచ్ఆర్ చేసింది తప్పు, వెనకేసుకురాను. మేనేజర్‌తో మాట్లాడకుండా సెలవు సంగతి తేలదు కాబట్టి ఆవిడ మాట్లాడాల్సిందే. "ఆయనతో మాట్లాడతాను, మీకు ఫర్వాలేదా?" అని ముందే అడగాలి. "మన మధ్యే" అనేది మాకు నోటికి అలవాటైపోయిన మాట, డాక్టర్లు "ఏం కాదు" అన్నట్టు.

ఇక మేం ఎవరి మనుషులం అంటే, కంపెనీ మనుషులమే. దాచేదేముంది. నా రివ్యూలో ఏముంటాయో చెప్తా: ఎంతమంది మానేశారు, ఖాళీ ఎన్ని రోజుల్లో నింపాను, ఆన్‌లైన్ ట్రైనింగులు ఎంత శాతం పూర్తయ్యాయి. ఎంతమంది గోడు విన్నాను అనే గడి ఆ షీట్‌లో లేదు. మణికొండ మేనేజరు గారూ, మీ ఖాళీకి నాలుగు నెలలైనందుకు నాలాంటిది కూడా ఎక్కడో తిట్లు తినే ఉంటుంది. అప్రూవల్ ఇవ్వాల్సింది ఫైనాన్స్, నిందలు మోసేది మేం.

2023లో ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి నాకు ఎక్సెల్ షీట్ వచ్చింది. పాస్‌వర్డ్ వేరే మెయిల్‌లో. ఉద్యోగం పోయేవాళ్ళవి 34 పేర్లు. పదిహేడో వరుసలో రోజూ నాతో క్యాబ్‌లో వచ్చే అమ్మాయి. పొద్దున అదే క్యాబ్‌లో పక్కపక్కనే కూర్చుని వెళ్ళాం. కొత్త ఫ్లాట్ కొనుక్కుంది. వంటింటి కప్‌బోర్డులకి ఏ రంగు లామినేట్ బాగుంటుందని ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించింది. లేత బూడిద రంగు అన్నాను. పదకొండున్నరకి మీటింగ్ రూమ్‌లో ఆమెకి ఎదురుగా కూర్చుని స్క్రిప్ట్ చదివాను. స్క్రిప్ట్ అంటే నిజంగానే స్క్రిప్ట్, లీగల్ వాళ్ళు పంపింది, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు. ఆమె ఒక్కటే అడిగింది: "నీకు క్యాబ్‌లో తెలుసా?"

ఆ లిస్టు నేను రాయలేదు. మార్చే అధికారం నాకు లేదు. నేను చెయ్యగలిగింది, ఆ 34 మందికీ మెడికల్ ఇన్సూరెన్స్ ఆ రోజుతో కట్ చెయ్యకుండా మూడు నెలలు ఉంచమని అడగడం. రెండు నెలలకి ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒకామెకి ఆ రెండో నెలలోనే ఆపరేషన్ చేసి డెలివరీ చేశారు. ఇలాంటివి స్టేటస్‌లో పెట్టుకోం, ముగ్గుల ఫొటోలే పెడతాం. అందుకే బాబు గారికి ముగ్గులే కనిపిస్తున్నాయి.

నాని గారూ, ఒక పని చెయ్యండి. మా దగ్గరికొచ్చి చెప్పుకుంటే మేం ఓదారుస్తాం. మెయిల్ వస్తే కదులుతాం, ఎందుకంటే దానికి జవాబు ఇవ్వకపోతే రేపు ఆడిట్‌లో నిలబడేది నేను. సెలవు పెట్టిన తేదీలు, రిజెక్ట్ అయిన తేదీలు, ఆ ఎనిమిది శని, ఆదివారాల తేదీలు, ఆపరేషన్ కాగితం. విశేషణాలు వద్దు. "వేధిస్తున్నాడు" అని రాయకండి, తేదీలే రాయండి. మీ హెచ్ఆర్‌కి పంపి, మీ మేనేజర్ పైవాడికి కాపీ పెట్టండి.

బెంచిమీద_బాబు | జనవరి 12, రాత్రి 9:50

పొద్దున అన్న మాటకి సారీ అక్కా.

ఆ అమ్మాయి ఇప్పుడు మాట్లాడుతుందా మీతో?

పగలంతా_ఎక్సెల్ | జనవరి 12, రాత్రి 9:58

లేదు.

డల్లాస్_గుంటూరోడు | జనవరి 13, ఉదయం 6:10

అక్క చెప్పిన మెయిల్ సలహా ఇక్కడ కూడా అక్షరాలా ఇదే. నేను కలుపుతున్నది ఒకటి: ఆఫీసు మెయిల్ రేపు ఉదయం తెరుచుకోకపోవచ్చు, కాబట్టి మీ సొంత తేదీల లెక్క ఇంట్లో ఒక పుస్తకంలో కూడా రాసుకోండి. ఆఫీసు ఫైళ్ళు మాత్రం బయటికి పంపకండి, దాని మీదే తీసేస్తారు.

విజయనగరం_వాసు | జనవరి 13, మధ్యాహ్నం 12:30

పక్క ప్రశ్న, క్షమించాలి. రిజైన్ చేసి వచ్చేశా. "ఫుల్ అండ్ ఫైనల్ 45 వర్కింగ్ డేస్" అంటున్నారు, అంటే రావాల్సిన ఆఖరి లెక్క. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ (మానేసిన తేదీ) కూడా వెయ్యలేదు, డబ్బు కదలట్లేదు.

కోర్టుహాలు_మూడు | జనవరి 13, మధ్యాహ్నం 1:15

వేతనాల కోడ్ అనే కొత్త చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. 45 రోజులు వాళ్ళ పాత అలవాటు. గ్రాట్యుటీ వేరు, దానికి 30 రోజుల గడువు ఉంది. ఎగ్జిట్ డేట్ కోసం బతిమాలక్కర్లేదు, ఆఖరి నెల చందా పడిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరు మీ దగ్గరుండాలి.

తాత గారు చెప్పిన యూనియన్ ముక్కకి కొనసాగింపు ఒకటి. ఇరవైమంది, ఆపై కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ పెట్టాలని పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఉంది. పదిమందికి మించకూడదు, యాజమాన్యం వాళ్ళు ఎంతమందో కార్మికులు అంతమంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ 2010 సవరణతో ఇలాంటిది వచ్చింది. ఎన్ని ఆఫీసుల్లో దాని సభ్యుల పేర్లు గోడ మీద చూశారు? వెల్ఫేర్ ఆఫీసరు కూడా 1948 ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది, ఆపై ఉంటే తప్పనిసరిగా ఉండేవాడు, ఇప్పుడు కొత్త కోడ్‌లో 250కి తగ్గించారు. చట్టం ఆ కుర్చీని తీసెయ్యలేదు. దాని మీద కూర్చునేవాళ్ళ కార్డు మీద పేరే మారింది.

మణికొండ_మేనేజరు | జనవరి 13, మధ్యాహ్నం 1:40

సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ "కార్మికులు" కిందకి వస్తారా?

కోర్టుహాలు_మూడు | జనవరి 13, మధ్యాహ్నం 2:05

హోదా పేరు చూడరు, చేసే పని చూస్తారు. మీరు మనుషుల మీద అజమాయిషీ చేస్తుంటే రారు. రోజంతా కోడ్ రాసేవాడి తరఫున వాదించడానికి చోటుంది. కార్డు మీద "మేనేజర్" అని ఉన్నంత మాత్రాన అయిపోదు, మన ఊళ్ళో ఇద్దరు మనుషులు లేని మేనేజర్లు ఎంతమంది లేరు.

మణికొండ_మేనేజరు | జనవరి 13, మధ్యాహ్నం 2:11

నన్నే అన్నట్టుంది.

టైమాఫీసు_తాత | జనవరి 13, సాయంత్రం 5:30

పాశమైలారం అబ్బాయికి. ఆ డ్యూటీ ఇవ్వని కుర్రాడి సంగతి ఎవరూ ఎత్తలేదు ఇందాకటి నుంచీ. మా రోజుల్లోనూ అంతే, డబ్బు వచ్చిన కేసు అందరూ చెప్పుకునేవారు, ఆ తర్వాత బిళ్ళ దొరకనివాడి మాట ఎవరూ ఎత్తేవారు కాదు. లాయరు బాబూ, దానికీ ఏదైనా దారి చూడండి.

కోర్టుహాలు_మూడు | జనవరి 13, సాయంత్రం 6:20

నిజమే, నేను దాటేశాను. ఫిర్యాదు చేశాకే పని ఆగిందని చూపించే తేదీలు ఉంటే మళ్ళీ అదే లేబర్ ఆఫీసులో వివాదం వెయ్యొచ్చు. ఆలస్యం చెయ్యకూడదు. తమ్ముడూ, నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టు, ఫీజు సంగతి తర్వాత.

షిఫ్టు_సి_పాశమైలారం | జనవరి 13, రాత్రి 11:05

పెట్టిన సార్. వాడు ఇప్పుడు పటాన్‌చెరు కాడ బండి మీద ఇడ్లీ అమ్ముతుండు. అడిగి చెప్త.

నల్లగండ్ల_నాని | జనవరి 23, రాత్రి 10:25

అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యం చేశా.

అక్క చెప్పినట్టే 13 రాత్రి మెయిల్ పెట్టా. ముందు ఒక పేజీ వచ్చింది. విశేషణాలు తీసేస్తే పదకొండు లైన్లు మిగిలాయి. 14 సంక్రాంతి సెలవు. 16 పొద్దున మా హెచ్ఆర్ నుంచి ఫోన్, "ఇంత ఫార్మల్‌గా పెట్టాల్సింది కాదు, మనం మాట్లాడుకున్నాం కదా" అని. మాట్లాడుకున్నదానికి కాగితం లేదండీ అన్నా. మెయిల్ వెనక్కి తీసుకుంటారా అని అడిగింది, తీసుకోనన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "సరే, అలా ఉంచండి, నాకూ అదే మంచిది" అని పెట్టేసింది. ఆ మాటకి అర్థం ఇంకా తెలీలేదు.

మధ్యాహ్నానికి 20, 21 సెలవు అప్రూవ్ అయింది. నాలుగు కాంపాఫ్‌లు పడ్డాయి, మిగతా నాలుగూ "పరిశీలనలో". మేనేజర్ నాతో పనికి మించి మాట్లాడట్లేదు. ఏప్రిల్‌లో రేటింగ్ ఎలా వస్తుందో నాకు తెలుసు.

నాన్నకి ఆపరేషన్ బాగా జరిగింది. నల్లద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చుంటున్నాడు. నిన్న పట్టీ తీశాక మొదట నా మొహం చూసి, "ఇంత నల్లబడ్డావేంట్రా" అన్నాడు.

టైమాఫీసు_తాత | జనవరి 24, ఉదయం 6:05

చుక్కల మందు టైము తప్పకుండా వెయ్యండి బాబూ. తలస్నానం డాక్టరు చెప్పేదాకా వద్దు. నాకు కిందటేడే అయింది.

పగలంతా_ఎక్సెల్ | జనవరి 24, ఉదయం 8:40

> సరే, అలా ఉంచండి, నాకూ అదే మంచిది

ఆవిడ కూడా మీ మేనేజర్ గురించి పైకి చెప్పి ఉంటుంది, కాగితం లేక అది కదిలి ఉండదు. మిగతా నాలుగు కాంపాఫ్‌ల కోసం అదే మెయిల్ మీద రిప్లై పెట్టండి, కొత్తది మొదలుపెట్టకండి.